రాగి, గాజు, నిప్పు: మధ్యయుగపు ఎనామెల్ పనిపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ఫ్రాన్స్‌లోని లిమోజ్ పట్టణంలో తయారైన ఎనామెల్ పెట్టెల బొమ్మలు వేశాం. రాగి పలకల మీద రంగు గాజు కరిగించి చేసిన 12, 13 శతాబ్దాల చర్చి వస్తువులవి. వాటి మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న పలువురు అడిగితే ఒకటిగా కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సెయింట్ థామస్ బెకెట్ అవశేషాల కోసం చేసిన పెట్టె చూశాను. బంగారం అనుకున్నాను, పక్కన చీటీలో రాగి అని ఉంది. మరి ఆ నీలం పెయింటా? ఎలా చేసేవారు? (విజయవాడ పాఠకురాలు)

పెయింటు కాదండీ, గాజు. కోబాల్టుతో నీలం తెచ్చిన గాజును పొడి చేసి, రాగిలో తొలిచిన గుంటల్లో నింపి, నిప్పుల్లో కరిగించారు. మీరు బంగారం అనుకోవడంలో తప్పేమీ లేదు. చూసినవాళ్లు అలా అనుకోవాలనే చేశారు. గాజు లేని చోట కనిపించేదంతా రాగి మీద పల్చటి బంగారు పూత. లోపల చెక్క పెట్టె, దాని చుట్టూ మేకులతో బిగించిన రాగి పలకలు. ఎత్తు 30 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 34 దాకా. చేసింది 1180–1190 మధ్య.

పని క్రమం చెబుతాం. రాగిని సుత్తితో సాగగొట్టి రెండు మూడు మిల్లీమీటర్ల మందపు పలక చేసేవారు. లిమోజ్ పనివాళ్లు వాడింది దాదాపు శుద్ధమైన రాగి. తగరం, సీసం, జింకు కలిసిన లోహం మీద గాజు సరిగా పట్టదు, బుడగలు లేస్తాయి. మేకుల రంధ్రాలు ఈ దశలోనే పెట్టాలి. గాజు పోశాక రంధ్రం వేయబోతే అంచు పెళ్లలుగా లేచిపోతుంది. ఆ తర్వాత బొమ్మ గీసి, రంగు రావాల్సిన చోటల్లా ఉలితో మిల్లీమీటరుకు అటూఇటూ లోతు తొలుస్తారు. రంగుకూ రంగుకూ మధ్య సన్నటి రాగి గట్టు మిగులుతుంది. గుంట అడుగు నున్నగా చేయరు, ఆ గరుకే గాజుకు పట్టు. గాజు ఊడిపోయిన పాత పలకల్లో ఉలి గాట్లు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

గాజు సంగతికి మంచి సాక్షి థియోఫిలస్. 12వ శతాబ్దం తొలి భాగంలో ఆ పేరుతో ఒక సన్యాసి చేతిపనుల గ్రంథం రాశాడు. ఆయన చెప్పేది బంగారు పాత్ర మీద ఎనామెల్ గురించి. అయినా గాజు సిద్ధం చేసుకునే తీరు రాగికీ అదే. ముందు ఒక్కో రంగు గాజు నుంచి చిన్న ముక్క విరిచి, అన్నిటినీ ఒకే రాగి రేకు మీద విడివిడిగా పెట్టి నిప్పుల్లో ఉంచమంటాడు. అన్నీ ఒకేసారి కరిగితే అన్నిటినీ వాడుకోవచ్చు. ఏదైనా మొండికేస్తే దాన్ని పక్కన పెట్టాలి. ఒకే పలకలో ఆరు రంగులు ఉన్నప్పుడు ఐదు కరిగి ఒకటి కరగకపోతే పలకంతా పాడవుతుంది కాబట్టి ఈ పరీక్ష ప్రాణంతో సమానం. తర్వాత గాజును ఎర్రగా కాల్చి నీళ్లలో పడేస్తే చిట్లిపోతుంది. ఆ ముక్కలను నీళ్లలోనే నూరి, కడిగి, మూతపెట్టి ఉంచాలి. పాళీలా చెక్కిన బాతు ఈకతో తడి పొడిని గుంటల్లోకి ఎత్తిపోస్తారు.

నింపిన పలకను ఇనప రేకు మీద పెట్టి, చిల్లులున్న ఇనప మూత బోర్లిస్తారు. మూత లేకపోతే బూడిద, బొగ్గు నలుసులు గాజులో పడి నల్లమచ్చలు మిగులుతాయి. చుట్టూ, పైనా బొగ్గులు పేర్చి తిత్తులతో ఊదుతారు. గాజు కరగగానే తీసేసి, మెల్లగా చల్లారనిస్తారు. పొడిలో గింజల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి కరిగాక మట్టం దిగిపోతుంది. మళ్లీ నింపాలి, మళ్లీ కాల్చాలి. గుంట అంచు దాకా నిండేవరకు ఇదే పని. ఆ తర్వాత ఇసుకరాయి మీద నీళ్లు పోస్తూ అరగదీసి గాజునూ రాగినీ ఒకే మట్టానికి తెస్తారు. ఇంకా నునుపు కోసం సీసపు పలక, చివర్లో మేకతోలు.

బంగారు పూత అన్నిటికంటే చివర. ముందే వేస్తే గాజు కరిగే వేడికి ఆ పల్చటి బంగారం రాగిలోకి ఇంకిపోతుంది. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దలా చేసి, రాగి మీద పూసి వేడిచేస్తే పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. గాజు మెత్తబడే వేడి కంటే ఇది తక్కువ వేడి, అందుకే ఎనామెల్‌కు ఏమీ కాదు. ఆ ఆవిరి పీల్చిన పనివాడికి మాత్రం చాలా అవుతుంది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.

ప్రశ్న: అన్ని పెట్టెల మీదా బెకెట్ హత్యే ఎందుకు? (నెల్లూరు)

అన్నిటి మీదా కాదు. కానీ ఆయన కథ ఉన్న లిమోజ్ పెట్టెలు ఇప్పటికీ 50 పైగా మిగిలాయి. ఇంగ్లండ్‌లోని కాంటర్బరీ ఆర్చిబిషప్ బెకెట్‌ను 1170 డిసెంబరు 29న ఆయన కెథడ్రల్‌లోనే కత్తులతో చంపారు. మూడేళ్లు తిరక్కుండా, 1173లో, సెయింట్‌గా ప్రకటించారు. ఆయన అవశేషాల కోసం యూరప్ అంతటి నుంచీ అడిగారు, ఆ అవశేషాలకు పెట్టెలు కావాల్సి వచ్చాయి. ముందువైపు హత్య, వాలుగా ఉన్న మూత మీద అంత్యక్రియలు, ఆత్మను పైకి తీసుకెళ్తున్న దేవదూతలు. ఇదీ పదే పదే కనిపించే అమరిక. ఒకే నమూనా చేతిలో ఉంటే పని త్వరగా సాగుతుంది, ధర దిగుతుంది. లిమోజ్ వాళ్ల తెలివి ఇక్కడే ఉందని మా అభిప్రాయం. బంగారు వస్తువు స్తోమత లేని చర్చికి కూడా బంగారంలా మెరిసే వస్తువు అందించారు.

రాగి కావడం వల్ల ఇంకో లాభం కూడా కలిగింది. మధ్యయుగపు బంగారు, వెండి చర్చి సామగ్రిలో అధిక భాగం యుద్ధాల్లో, అప్పుల్లో, మతకలహాల్లో కరిగిపోయింది. రాగిని కరిగిస్తే వచ్చేది తక్కువ. అయినా అన్నీ బతికి బట్టకట్టలేదు. లిమోజ్ దగ్గర గ్రాన్‌మోన్ మఠంలోని పెద్ద ఎనామెల్ బలిపీఠం ఫ్రెంచి విప్లవకాలంలో ముక్కలైంది. దాని రెండు పలకలు ఇప్పుడు పారిస్‌లోని క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి.

ప్రశ్న: వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చిలోని పాలా దోరో కూడా ఇదే పనా? (హైదరాబాద్)

గాజు ఒకటే, లోహం వేరు, దారి వేరు. పాలా దోరో బలిపీఠం వెనక నిలిపిన పెద్ద బంగారు ఫలకం. సుమారు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. 12వ శతాబ్దం తొలి ఏళ్లలో వెనిస్ డోజ్ (పాలకుడు) ఒర్దెలాఫో ఫాలియెర్ కాన్‌స్టాంటినోపుల్‌లో చేయించాడు. 1204లో క్రూసేడర్లు ఆ నగరాన్ని దోచాక వచ్చిన పెద్ద ఎనామెల్ పలకలు పై వరసలో చేరాయి. ఇప్పుడున్న గోథిక్ చట్రం 1340ల నాటిది.

అక్కడ పలకను తొలవరు. బంగారు రేకు మీద సన్నటి బంగారు పట్టీలను అంచున నిలబెట్టి, వంచి, అతికి చిన్న చిన్న అరలు కడతారు. ఆ అరల్లో గాజు పోస్తారు. దీన్ని క్లువాజొనే అంటారు. లిమోజ్ పద్ధతి పేరు షాంలెవే. అరల పద్ధతిలో గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది. బట్టల మడతలు, కనుబొమలు, వేళ్లు అన్నీ బంగారు గీతలే. తొలిచే పద్ధతిలో అంత సన్నటి గట్టు నిలవదు, ఉలి తగిలి విరుగుతుంది. అందుకే లిమోజ్ బొమ్మల్లో గీత బలంగా, కాస్త మొరటుగా ఉంటుంది.

రెండో తేడా వెలుతురు. బంగారం నిప్పుల్లో నల్లబడదు. దాని మీద పారదర్శక గాజు పోస్తే కాంతి అడుగుదాకా వెళ్లి తిరిగొస్తుంది. రాగి నల్లబడుతుంది, దాని మీద పారదర్శక నీలం మురికిగా, దాదాపు నల్లగా కనిపిస్తుంది. అందుకే రాగి మీద ఎక్కువగా అపారదర్శక రంగులు.

ప్రశ్న: మన జైపూర్ మీనా పని ఈ రెండిట్లో ఏది? (కాకినాడ)

తొలిచి నింపేదే. కానీ బంగారం మీద, పారదర్శక రంగులతో. కుందన్ హారం తిప్పి చూస్తే వెనక ఉండే ఎరుపు, ఆకుపచ్చ పువ్వులు అవే. గుంట అడుగున గీతలు చెక్కి, పైన పారదర్శక గాజు పోసి ఆ గీతలు కనిపించేలా చేయడం యూరప్‌లో 13వ శతాబ్దం చివర్లో మొదలైంది. పోప్ నాలుగో నికోలస్ కోసం సియెనా కంసాలి గుచ్చో ది మన్నాయా చేసిన వెండి పాత్ర అస్సీసీలో ఉంది, ఈ పద్ధతికి తొలి ఉదాహరణల్లో ఒకటి. బిదరీ పనిలో కూడా తొలిచి నింపడం ఉంది గానీ నింపేది వెండి, గాజు కాదు, కాల్చడమూ లేదు.

ప్రశ్న: గాజు, లోహం వేర్వేరుగా వ్యాకోచిస్తాయి కదా. 800 డిగ్రీల నుంచి చల్లారేటప్పుడు ఊడిపోకుండా ఎలా నిలుస్తుంది? (మెటలర్జీ విద్యార్థి, వరంగల్)

అసలు ప్రశ్న ఇదే. రాగి ఒక్కో డిగ్రీకి పొడవులో సుమారు 17 మిలియన్‌వంతులు పెరుగుతుంది. వెండి 19, బంగారం 14. మామూలు కిటికీ గాజు 9 మాత్రమే. కిటికీ గాజు పొడిని రాగి మీద పోసి కాలిస్తే కరుగుతుంది, చల్లారాక పెళ్లలుగా ఎగిరిపోతుంది. ఎనామెల్ గాజు సాగుదల లోహానికి దగ్గరగా ఉండాలి, కానీ లోహం కంటే కొంచెం తక్కువే ఉండాలి. ఆ ‘కొంచెం తక్కువ’లోనే కిటుకు ఉంది. చల్లారేటప్పుడు రాగి ఎక్కువ ముడుచుకుని గాజును నొక్కి పట్టుకుంటుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. గాజు సాగుదల రాగిని మించితే తనే ఎక్కువ ముడుచుకోబోయి, లాగుడుకు లోనై, సన్నటి నెరలు పడుతుంది. తేడా మరీ ఎక్కువైనా నొక్కుడు పెరిగిపోయి అంచుల దగ్గర లేస్తుంది.

ఈ లెక్క 800 నుంచి మొదలవదని గుర్తుంచుకోండి. గాజు మెత్తగా ఉన్నంతసేపూ లోహంతో పాటే కదులుతుంది. గాజు రకాన్ని బట్టి సుమారు 500 డిగ్రీల దిగువన బిగుసుకున్నాకే ఒత్తిడి మొదలవుతుంది.

పట్టు ఎక్కడిదంటే, రాగి మీద ఏర్పడే పల్చటి ఆక్సైడ్ పొర కరిగిన గాజులో కలిసిపోతుంది. లోహం, ఆక్సైడ్, గాజు ఒకదాంట్లో ఒకటి కలిసిన పొర అది. ఆ పొర మరీ మందమైతే అదే పొలుసుగా లేచి గాజును వెంట తీసుకుపోతుంది. అందుకే ఎక్కువసేపు కాల్చడం తక్కువసేపు కాల్చడమంత చేటు.

మందం కూడా పనిచేస్తుంది. పల్చటి రేకుకు ఒకవైపే గాజు పోస్తే చల్లారాక వంగుతుంది, వంగితే గాజు పగులుతుంది. దానికి విరుగుడు వెనకవైపు కూడా గాజు పూయడం. 2–3 మిల్లీమీటర్ల లిమోజ్ పలక వంగదు, దాని వెనక గాజు ఉండదు. మరో భద్రత ద్రవీభవన స్థానాల తేడా. రాగి 1085 డిగ్రీల దగ్గర, బంగారం 1064 దగ్గర, వెండి 962 దగ్గర కరుగుతాయి. బొగ్గుల పొయ్యిలో థర్మామీటరు లేని పనివాడికి రాగితో ఉన్నంత వెసులుబాటు వెండితో లేదు.

ప్రశ్న: ఆ కాలంలో ఇన్ని రంగుల గాజు ఎక్కడ దొరికేది? ఒకే పువ్వు రేకులో మూడు రంగులు గట్టు లేకుండా ఎలా పక్కపక్కన ఉంటాయి? (తిరుపతి)

చాలావరకు పాత రోమన్ కట్టడాల నుంచి. పాత అన్యమత కట్టడాల మొజాయిక్ పనిలో దొరికే రంగు గాజు బిళ్లలతో ఎనామెల్ చేస్తారని థియోఫిలస్ రాశాడు. చాలాకాలం ఇది పుస్తకంలో మాటగానే ఉండేది. రసాయన పరీక్షలు దాన్ని నిలబెట్టాయి. 12వ శతాబ్దపు లిమోజ్, మ్యూజ్ లోయ ఎనామెళ్లలో చాలా వాటి గాజు రోమన్ తరహా సోడా గాజు. తెలుపునిచ్చేది రోమన్లు వాడిన యాంటిమొనీ. 1200 దాటాక ఆ స్థానంలో తగరపు ఆక్సైడ్ కనిపిస్తుంది. ఆ తర్వాత కొత్తగా తయారైన గాజు వాడారన్నమాట. కోబాల్టు నీలం ఇస్తుంది. రాగి, కాల్చే తీరును బట్టి, పచ్చ నీలమో అపారదర్శక ఎరుపో ఇస్తుంది. ఊదా మాంగనీస్ వల్ల.

మూడు రంగుల రేకుకు కిటుకు తడి. ముదురు నీలం, లేత నీలం, తెలుపు పొడులను గట్టు లేకుండా పక్కపక్కనే పోస్తారు. తడి సరిగ్గా ఉంటే గింజలు కదలవు. నీళ్లు ఎక్కువైతే రంగులు కలిసిపోతాయి, తక్కువైతే మధ్యలో ఖాళీ మిగులుతుంది. కరిగిన గాజు తేనె కంటే చిక్కన, కాబట్టి నిప్పుల్లో పెద్దగా కలవదు.

ప్రశ్న: నా దగ్గర చిన్న కరెంటు కొలిమి ఉంది. మా చర్చి కోసం 7 సెంటీమీటర్ల సిలువ పలక ఈ పద్ధతిలో చేయాలని ఉంది. కొలతలు చెప్పగలరా? (సికింద్రాబాద్)

చెప్తాం. ఉలితో తొలవడానికి చేయి తిరగాలి, మొదటిసారి రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో తినిపించండి.

రేకు: 16 గేజి శుద్ధ రాగి, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు. ఇత్తడి వద్దు. ఎర్రగా కాల్చి చల్లార్చి, నల్లపొర తీసి, డిష్‌వాష్ సబ్బుతో జిడ్డు పోగొట్టండి. నీళ్లు రేకంతా పొరలా పరుచుకుంటే జిడ్డు లేనట్టు. చుక్కలుగా విడిపోతే మళ్లీ కడగాలి.

గట్లుగా మిగలాల్సిన చోట నల్ల యాస్ఫాల్ట్ వార్నిష్ గానీ నెయిల్ పాలిష్ గానీ వేయండి. వెనక, అంచులు ప్యాకింగ్ టేపుతో మూయండి. గట్టు వెడల్పు 1.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ద్రావణం కిందికే కాదు, వార్నిష్ కింద పక్కలకూ తింటుంది. ఒక మిల్లీమీటరు గీత గీసినవాళ్లకు చివరికి గీత మిగలదు.

ఫెర్రిక్ క్లోరైడ్ కోఠీ గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్ముతారు. లీటరు నీళ్లకు అరకిలో. నీళ్లలోకి పొడి కొద్దికొద్దిగా వేయాలి, వేడెక్కుతుంది. ప్లాస్టిక్ లేదా గాజు పాత్రే. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు. పలకను బోర్లా వేలాడదీయండి, తిన్న మడ్డి కిందికి జారిపోతుంది. వెల్లకిలా పెడితే మడ్డి గుంటలోనే నిలిచి పని ఆగిపోతుంది. అరగంటకోసారి తీసి చూడండి. కావాల్సిన లోతు 0.4 మిల్లీమీటర్లు, దీనికి కొన్ని గంటలు పడుతుంది. తర్వాత వంటసోడా నీళ్లలో బాగా కడగాలి, మూలల్లో మిగిలిన ద్రావణం ఎనామెల్ అంచుల్ని తర్వాత పచ్చగా చేస్తుంది. వాడిన ద్రావణంలో రాగి ఉంటుంది, కాలువలో పోయకండి.

పొడి: సీసం లేని, రాగికి సరిపోయే అపారదర్శక ఎనామెల్, 80 మెష్. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, గింజలు దిగాక పైన పాలలా తేలే నీళ్లు పారబోయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు. ఆ పాలరంగు ధూళి ఉంటే రంగు మసకబారుతుంది. పొడిగా ఉన్న ఎనామెల్‌ను మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.

సన్నటి కుంచెతో తడి పొడిని మూలల్లోంచి మొదలుపెట్టి నింపండి. పలక అంచును మెల్లగా తడితే గింజలు సర్దుకుంటాయి. నూలు గుడ్డ మూలతో నీళ్లు పీల్చండి. కొలిమి మీద పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే కొలిమిలో ఆవిరై పొడిని ఎగరగొడుతుంది, గుంట మధ్యలో బోసి మచ్చ పడుతుంది.

కొలిమి 800 డిగ్రీలు. రేకు మందం వల్ల మూడు నాలుగు నిమిషాలు పట్టవచ్చు. గడియారం కన్నా కన్ను ముఖ్యం: పొడి మొదట పంచదార పలుకుల్లా, తర్వాత నారింజ తొక్కలా, చివరికి అద్దంలా మారుతుంది. అద్దంలా కాగానే తీయండి. చల్లటి బండ మీద పెట్టకండి, ఇనప జాలీ మీదే చల్లారనివ్వండి. గట్ల మీద ఏర్పడిన నల్ల పొలుసులు రాలి పక్క గుంటలో పడతాయి, ప్రతిసారీ తడి రాయితో తీసేయాలి. మూడు విడతల్లో నింపడం మంచిది. ఒకేసారి మందంగా పోస్తే అడుగున గాలి చిక్కి, అరగదీసినప్పుడు సూదిపోటు గుంతలు బయటపడతాయి.

గాజు గట్లకంటే కాస్త ఎత్తుగా ఉన్నప్పుడు 150 గ్రిట్ కార్బొరండం రాయితో, నీళ్ల ధార కింద, అరగదీయండి. తర్వాత 220, 400, 600, 1000 వాటర్ పేపరు. మెరుపు కోసం మళ్లీ కాల్చమని చాలామంది చెబుతారు. మేం వద్దంటాం. మళ్లీ కాలిస్తే గట్లు నల్లబడతాయి, ఆ నలుపు తీయడానికి యాసిడ్ వాడితే ఎనామెల్ మెరుపు పోతుంది. పైగా చేత్తో మెరుగుపెట్టిన మెత్తటి కాంతే పాత పనికి దగ్గర. బంగారు పూత కావాలంటే చివర్లో ఎలక్ట్రోప్లేటింగ్ చేయించండి. అదే ఎనామెల్ వేసిన ఒక తుక్కు ముక్క ముందుగా ఇచ్చి చూడండి.

ప్రశ్న: ఈ వస్తువుల్ని ఆరాధనలో నిజంగా వాడేవారా, అలంకారమా? (పాస్టరు, గుంటూరు)

వాడేవారు. 1215 నాలుగో లాటరన్ కౌన్సిల్ పవిత్ర రొట్టెనూ, అభిషేక తైలాన్నీ తాళం వేసి భద్రపరచాలని శాసించింది. శంకు మూత ఉన్న చిన్న గుండ్రటి లిమోజ్ డబ్బీలు 13వ శతాబ్దంలో అన్ని ఊళ్లకూ వ్యాపించడానికి అదొక కారణం. పావురం ఆకారంలో చేసి బలిపీఠం పైన వేలాడదీసే డబ్బీలూ ఉన్నాయి, రొట్టె వీపులోని అరలో. చేతులు కడగడానికి జంట పళ్లేలు: ఒకదానికి చిన్న కొమ్ము ఉంటుంది, దాంట్లోంచి నీళ్లు పోస్తే కింద రెండో పళ్లెంలో పట్టుకుంటారు. ఇంకా బిషప్పుల దండాలు, సువార్త గ్రంథాల అట్టలు.

బైబిల్ వాక్యాన్నే వరసగా పేర్చిన పని చూడాలంటే ఆస్ట్రియాలో వియన్నా దగ్గర క్లోస్టర్‌నోయ్‌బుర్గ్ మఠానికి వెళ్లాలి. వెర్దున్ నికొలాస్ 1181లో ముగించిన పలకలు అక్కడున్నాయి. మొదట అవి ప్రసంగవేదికకు తొడుగు. 1330 అగ్నిప్రమాదం తర్వాత ఆరు కొత్త పలకలు చేర్చి బలిపీఠంగా మార్చారు. ఇప్పుడు మొత్తం 51, మూడు వరసలు, పదిహేడు నిలువు పట్టీలు. పై వరస మోషే ధర్మశాస్త్రానికి ముందు కాలం, కింది వరస ధర్మశాస్త్రకాలం, మధ్యలో క్రీస్తు జీవితం. ఒక పట్టీ తీసుకోండి: పైన గుంటలో పడేసిన యోసేపు, మధ్యలో క్రీస్తు భూస్థాపన, కింద చేప నోట్లో యోనా. ఇంకోటి: పైన ఇస్సాకు బలి, మధ్యలో సిలువ, కింద కనాను నుంచి కర్రకు కట్టి మోసుకొస్తున్న ద్రాక్షగుత్తి. చదవడం నిలువుగానూ అడ్డంగానూ సాగుతుంది. బొమ్మలు బంగారు పూత రాగి, వాటి గీతల్లో నీలం ఎరుపు గాజు, వెనక నీలం. గీతల్లో ఉన్న చురుకు చూస్తే లిమోజ్ పెట్టెల ఫ్యాక్టరీ వాసన వెంటనే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో ‘13వ శతాబ్దపు లిమోజ్ సిలువ పలక’ చూశాను. కొనవచ్చా? (న్యూజెర్సీ)

ఆ కాలపు పని పేరుతో 19వ శతాబ్దంలో లెక్కలేనన్ని నకళ్లు వచ్చాయి. పారిస్‌లోని శాంసన్ సంస్థ లాంటివి నకళ్లుగానే చేసి అమ్మాయి, తర్వాత చేతులు మారుతూ అవి అసలైపోయాయి. ఫొటోలో కూడా కొన్ని చూడొచ్చు. వెనకవైపు ఫొటో అడగండి. సుత్తి పని పలక మందం ఎక్కడికక్కడ కాస్త మారుతుంది. మర రేకు అంతటా ఒకే మందం. మేకుల రంధ్రాలు వాడకంతో సాగాయా, ముందు నుంచి కొట్టినవేనా? బంగారం చేతులు తగిలే చోట అరిగి, గుంటల పక్కన మిగలాలి. సమానంగా అరిగితే అనుమానించండి.

అసలు తీర్పు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ (ఎక్స్‌రేతో ఏ మూలకాలున్నాయో చెప్పే) పరీక్షది, వస్తువును గీరక్కర్లేదు. క్రోమియం 1797లో గానీ గుర్తించలేదు కాబట్టి ఆకుపచ్చలో క్రోమియం కనిపిస్తే ఆ గాజు మధ్యయుగానిది కాదు. బంగారంలో పాదరసం జాడ ఉండాలి. లేకపోతే 19వ శతాబ్దపు ఎలక్ట్రోప్లేటింగ్ అయ్యే అవకాశం ఎక్కువ. కానీ పాదరసం ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, ఆ పద్ధతి 19వ శతాబ్దంలోనూ నడిచింది. పాత పలకకు కొత్త గాజు నింపి బాగుచేసినవీ ఉంటాయి, ఒక్క రంగు పరీక్షించి తీర్మానించకూడదు. రిపోర్టు చూపించని అమ్మకందారు దగ్గర కొనకండి.

ప్రశ్న: మా ఇంట్లో ఎనామెల్ ఉన్న పాత రాగి పళ్లెం ఉంది. పచ్చగా మారుతోంది. ఎలా తోమాలి? (ఏలూరు)

తోమకూడదు. చింతపండు, నిమ్మకాయ, రాగి చెంబులు తోమే పొడులు ఏవీ వద్దు. ఆమ్లం గాజులోని క్షారాన్ని లాగేసి పైపొరను మసకబారుస్తుంది, అది మళ్లీ రాదు. నీళ్లలో నానబెట్టినా నెరల్లోంచి తేమ గాజు అడుగుకు చేరి రాగిని అక్కడ తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పు ఉబ్బి గాజును కింది నుంచి తోస్తుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు. ఊడుతున్న ముక్కలుంటే ఫెవిక్విక్ పెట్టకండి, రాలిన ముక్కలు చిన్న డబ్బాలో దాచి కన్జర్వేటర్‌కు (పాత వస్తువులను కాపాడే నిపుణులకు) ఇవ్వండి. గోదావరి జిల్లాల తేమకు అద్దాల బీరువాలో సిలికా జెల్ సంచి పెట్టి, అది రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వాడండి. వంటగది గోడకు, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి. వేడి, తేమ పదే పదే మారడమే ఎక్కువ హాని. గాజు మీద చెమట పట్టినట్టు జిగట కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు, గాజే చెడుతోందని అర్థం. ఆ స్థితిలో ఉన్నదాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి దాచితే ఇంకా త్వరగా పోతుంది.